ఆఫ్‌రోడ్ వాహనాలు: బెడిసికొట్టే మార్పులు

లిఫ్ట్ కిట్ బిగించుకుని షెడ్డులోంచి అప్పుడే బయటికొచ్చిన మారుతీ జిప్సీ పక్కన నిలబడితే, ఇక ఏ బండరాయీ దీనికి అడ్డం కాదనిపిస్తుంది. అంత ఎత్తుగా, అంత ధీమాగా కనిపిస్తుంది. కానీ ఆ బండి వెనక మోకాళ్ల మీద వంగి, టేపు తీసుకుని, ఇరుసు మధ్యన కుండలా ఉబ్బి ఉన్న డిఫరెన్షియల్ అడుగు నుంచి నేల దాకా కొలిస్తే పాత కొలతే వస్తుంది. బాడీ లేచింది, చాసిస్ లేచింది, డ్రైవరు సీటు లేచింది. రాయికి ముందుగా తగిలే భాగం మాత్రం ఉన్నచోటే ఉంది.

కమాను కట్టల మీద నడిచే జిప్సీలోనూ, పాత జీపుల్లోనూ ఇరుసు ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే ముక్కగా ఉంటుంది. చక్రం నడిబొడ్డు ఎంత ఎత్తులో ఉంటే ఇరుసూ అంతే ఎత్తులో ఉంటుంది. కమానులను ఎలా మార్చినా ఇరుసుకూ బాడీకీ మధ్య ఎడం పెరుగుతుందే తప్ప, ఇరుసుకూ నేలకూ మధ్య ఎడం మారదు. దాన్ని పెంచగలిగేది టైరు ఒక్కటే, అదీ టైరు వ్యాసం ఎంత పెరిగితే అందులో సగం. బండిని ఎత్తడం వల్ల వేరే లాభాలు ఉన్నాయి. ముందు బంపరు తగలకుండా నిటారు గట్టు ఎక్కవచ్చు, చాసిస్ నడుము దిబ్బ మీద కూర్చుండిపోకుండా దాటవచ్చు, పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది. అయితే డబ్బు పెట్టినవాడు ఆశించింది ఒకటి, చేతికి వచ్చింది ఇంకొకటి.

రోడ్డు లేని చోట నడవడానికి తయారైన ఫోర్ బై ఫోర్ బండిలో కంపెనీ ఇచ్చినదాన్ని తీసి మరొకటి పెట్టడం, లేనిదాన్ని చేర్చడం ప్రపంచమంతటా ఉన్న అలవాటే. చక్కగా ఆలోచించి చేసిన మార్పు బండిని నిజంగానే మెరుగుపరుస్తుంది. తప్పుడు మార్పు మూడు రకాలుగా బయటపడుతుంది: అనుకున్న పని జరగదు, లేదా ఒక భాగం మీది భారం దాన్ని మోయలేని మరో భాగం మీద పడుతుంది, లేదా రోడ్డు మీద పక్కవాడి ప్రాణానికి ముప్పు వస్తుంది. చాలాసార్లు మూడూ కలిసే వస్తాయి.

జీపు నుంచి జిమ్నీ దాకా

ఈ బండ్లన్నిటికీ పెద్ద దిక్కు 1941 నుంచి అమెరికా సైన్యానికి తయారైన విల్లీస్ ఎంబీ జీపు. 2.2 లీటర్ల ఇంజను, 60 హార్స్‌పవర్, పదహారంగుళాల రిమ్ము మీద ఆరంగుళాల సన్నటి టైరు, నాలుగు చక్రాలకూ తొమ్మిదంగుళాల డ్రమ్ బ్రేకులు. టన్ను బరువున్న ఆ బండికి, ఆ టైరుకు, ఆనాటి వేగానికి ఆ బ్రేకులు సరిపోయాయి. మన దేశంలో 1940ల చివర్లో మహీంద్రా సంస్థ ఈ జీపులను బిగించి అమ్మడం మొదలుపెట్టింది. 1985లో మారుతీ జిప్సీ వచ్చింది. 2010లో మహీంద్రా థార్, 2020లో దాని రెండో తరం, 2023లో మారుతీ ఐదు తలుపుల జిమ్నీ వచ్చాయి. ఫోర్స్ గూర్ఖా వీటికి తోడు.

సైన్యం వేలంలో కొన్న పాత జీపులను విడదీసి, కొత్త బాడీ కట్టి, నచ్చిన ఇంజను పెట్టి ఇచ్చే షెడ్లు ఉత్తర భారతంలో చాలా ఉన్నాయి. పంజాబు సరిహద్దులో ఉన్న హర్యానా ఊరు మండీ డబ్వాలీ ఈ పనికి దేశమంతా పేరుపడింది. వెడల్పాటి టైర్లు, మెరిసే రిమ్ములు, తెరిచిన టాపుతో ఆ తరహా జీపులు పెళ్లి ఊరేగింపుల్లోనూ సినిమాల్లోనూ కనిపిస్తూనే ఉంటాయి. పాత జీపు మీద కట్టిన ఏ బండిలోనైనా, అది ఏ ఊళ్లో కట్టిందైనా, రంగుకన్నా ముందు చూడవలసింది బ్రేకు. ఇరవై ఎనిమిదంగుళాల సన్న టైరును ఆపడానికి పెట్టిన డ్రమ్ము ముప్పై మూడంగుళాల బరువైన టైరును ఆపవలసి వస్తోంది. ఇంజను కూడా పాతదానికంటే రెట్టింపు బలమైనది కావచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు డ్రమ్ము వేడెక్కి, పెడల్ మీద కాలు ఎంత నొక్కినా బండి జారుతూనే ఉంటుంది.

ఎత్తు

జిప్సీలోనూ పాత జీపులోనూ కమాను కట్ట ఇరుసు కింద ఉంటుంది. దాన్ని విప్పి, ఇరుసు పైన కొత్త పీఠాలు వెల్డింగ్ చేసి, కట్టను వాటి మీద కూర్చోబెడితే బండి ఒక్కసారిగా దాదాపు ఐదంగుళాలు లేస్తుంది. కొత్త కమానులు కొనక్కర్లేదు, ఒక వెల్డరు, రెండు రోజుల పని చాలు. అందుకే ఇది ఇంత పాకింది. దీని వెంట వచ్చే చిక్కులు ఒకటొకటిగా బయటపడతాయి. ఇంజను చక్రాన్ని ముందుకు తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగబోతుంది. కట్ట ఇరుసు మీదికి మారితే ఆ మెలికకు పట్టు ఎక్కువ దొరికి, కమాను పాములా వంకర తిరుగుతుంది. యాక్సిలరేటర్ వదలగానే ఒక్క కుదుపుతో తిరిగి వస్తుంది. బండరాళ్ల మీద ఇలా నాలుగైదుసార్లు జరిగాక ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసనున్న యూనివర్సల్ జాయింట్ క్రాస్ విరుగుతుంది. ఇరుసు కిందికి పోయినందువల్ల షాఫ్ట్ ఏటవాలు పెరిగి, తారురోడ్డు మీద అరవై దాటగానే బండి అడుగున ఒక వణుకు మొదలవుతుంది.

స్టీరింగు సంగతి ఇంకా తీవ్రమైనది. స్టీరింగు బాక్సు చాసిస్ మీద ఉంటుంది, అది తిప్పే రాడ్డు రెండో కొస ఇరుసు మీద ఉంటుంది. కంపెనీ బండిలో ఆ రాడ్డు నేలకు దాదాపు సమాంతరంగా ఉంటుంది కాబట్టి చక్రం గుంతలో పడి లేచినా పెద్దగా తేడా రాదు. ఐదంగుళాలు ఎత్తాక రాడ్డు నిచ్చెనలా వాలిపోతుంది. అప్పుడు చక్రం ప్రతిసారి పైకి లేచినప్పుడూ రాడ్డు చక్రాన్ని పక్కకు నెడుతుంది. డ్రైవరు స్టీరింగు కదపకుండానే బండి తిరుగుతుంది.

ఇక బ్రేకు పైపు. చాసిస్ నుంచి ఇరుసు దాకా వచ్చే ఆ నల్లటి రబ్బరు గొట్టం షెడ్డులో బండి సమంగా నిలబడ్డప్పుడు చక్కగా వంపు తిరిగి కనిపిస్తుంది. అందుకే ఎవరూ దాన్ని ముట్టుకోరు. ఎత్తు పెంచాక ఒక చక్రం గుంతలోకి దిగి పూర్తిగా వేలాడినప్పుడు అదే గొట్టం తీగలా బిగుసుకుంటుంది. కొసన ఇత్తడి బిగింపు దగ్గర రబ్బరు తెల్లబడి, సన్నటి పగుళ్లు వేస్తుంది. అది తెగేది అడవిలో నెమ్మదిగా పోతున్నప్పుడే అన్న హామీ లేదు. జాగ్రత్తగల మెకానిక్ ఎత్తు పెంచిన బండిని ఇంటికి పంపేముందు ఒక పక్క చక్రాన్ని జాకీతో ఎత్తి, రెండో చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్టీరింగు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి, ప్రతి గొట్టాన్నీ వేలితో తాకి చూస్తాడు. అరగంట పని అది.

ఎత్తు పెరిగితే బోల్తా భయమూ పెరుగుతుంది. అది ఎంత పెరుగుతుందో లెక్క కట్టడానికి ఒక సులువైన సూత్రం ఉంది: రెండు పక్కల చక్రాల మధ్య వెడల్పును, గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2001 మోడళ్ల నుంచి వాహనాలకు బోల్తా రేటింగు ఇవ్వడానికి ఈ నిష్పత్తినే ఆధారం చేసుకుంది. ఇక్కడ జిప్సీ చరిత్రలోని ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. మొదట్లో ఆ బండి చక్రాల మధ్య వెడల్పు ముందు 1210 మి.మీ., వెనక 1220 మి.మీ. ఉండేది. ఇరుకు బండి, తేలిగ్గా వాలుతుంది. 1993లో మారుతీ ఆ వెడల్పును 90 మి.మీ. పెంచి 1300, 1310 చేసింది. గరిమనాభి నేల నుంచి 650 మి.మీ. ఎత్తులో ఉందని ఉదాహరణకు అనుకుంటే, పాత ఇరుకు బండికి నిష్పత్తి 0.93, వెడల్పు చేశాక సరిగ్గా 1 వస్తుంది. ఇప్పుడు లిఫ్ట్ వల్ల గరిమనాభి వంద మిల్లీమీటర్లు పైకి పోయిందంటే 1300ను 1500తో భాగించాలి, 0.87. అంటే కంపెనీ మెరుగుపరచకముందు ఉన్నదానికన్నా కిందికి. డిజైన్ చేసినవాళ్లు కష్టపడి సరిదిద్దిన లోపాన్ని షెడ్డులో రెండు రోజుల్లో మళ్లీ తెచ్చిపెట్టినట్టయింది. పైగా ఈ లెక్క బిగుసుకుపోయిన పెట్టె లాంటి బండికి. కమానులు నలిగి, టైరు అంచు వంగి, బాడీ ఒక పక్కకు ఒరిగే నిజమైన బండి ఇంతకన్నా ముందే పడుతుంది.

కాయిల్ స్ప్రింగుల మీద నడిచే ఒకే ముక్క ఇరుసు బండ్లకు, ముఖ్యంగా జీప్ ర్యాంగ్లర్ జాతికి, మరో జబ్బు ఉంది. అమెరికా డ్రైవర్లు దాన్ని డెత్ వాబుల్ అంటారు. హైవే మీద ఒక చిన్న గతుకు తగలగానే ముందు చక్రాలు రెండూ ఎడాపెడా కొట్టుకోవడం మొదలుపెడతాయి. స్టీరింగు చేతుల్లో నిలవదు. బండి దాదాపు ఆగితే తప్ప ఆ ఊపు తగ్గదు. అరిగిన జాయింట్లు, బ్యాలెన్స్ తప్పిన పెద్ద టైర్లు, ఎత్తు పెంచినప్పుడు చెడిన క్యాస్టర్ కోణం (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం వాలు), సరిగా బిగించని ట్రాక్ బార్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ) దీనికి మామూలు కారణాలు. చాలామంది స్టీరింగుకు బలమైన డ్యాంపర్ తగిలించి రోగం నయమైందనుకుంటారు. డ్యాంపర్ లక్షణాన్ని అణుస్తుంది, వదులైన జాయింటు లోపల అలాగే ఉంటుంది.

కొత్త థార్‌లో ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, డిఫరెన్షియల్ చాసిస్‌కే బిగించి ఉంటుంది. కాబట్టి ఎత్తు పెంచితే ముందు డిఫరెన్షియల్ నిజంగానే లేస్తుంది. ఆ మేరకు డిఫరెన్షియల్ నుంచి చక్రానికి పోయే డ్రైవ్ షాఫ్టులు కిందికి వాలతాయి, వాటి కొసనున్న జాయింట్లు ఎప్పుడూ వంగి తిరుగుతాయి. రబ్బరు తొడుగు మడతల దగ్గర రాసుకుని చిరుగుతుంది, గ్రీజు చిమ్ముతుంది, దుమ్ము చేరుతుంది, జాయింటు పోతుంది. దీనికి విరుగుడుగా డిఫరెన్షియల్‌ను కిందికి దించే కిట్లు అమ్ముతారు. ఎత్తడానికి ఒకసారి, ఎత్తినదాన్ని దించడానికి ఒకసారి ఖర్చు.

టైరు

ఆఫ్‌రోడ్‌లో అన్నిటికన్నా పనికొచ్చే మార్పు మంచి టైరు, అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసేది అతి పెద్ద టైరు. ఐదు తలుపుల జిమ్నీతో లెక్క చూద్దాం. కంపెనీ టైరు కొలత 195/80 ఆర్15, వ్యాసం 693 మి.మీ. దాని స్థానంలో చాలామంది వేసుకునే 235/75 ఆర్15 వ్యాసం 733 మి.మీ. పైన. ఇరుసు ఇరవై మిల్లీమీటర్లు లేచింది, అది నిజమైన లాభం. వ్యాసం దాదాపు ఆరు శాతం పెరిగింది కాబట్టి చక్రం దగ్గర లాగే బలం ఆ మేరకు తగ్గింది. స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 85కు దగ్గరగా పోతోంది. ఇంత తేడా ఆ బండి భరిస్తుంది. థార్ మీది ముప్పై ఒక్క అంగుళాల టైరు తీసి ముప్పై ఐదు వేస్తే లెక్క మారిపోతుంది: ఇరుసు రెండంగుళాలు లేస్తుంది, చక్రం దగ్గర బలం పదకొండు శాతం పడిపోతుంది, టైరు బయటి అంచున ఉన్న అదనపు బరువును తిప్పడానికి క్లచ్చి, ఆపడానికి బ్రేకు రెండింటి మీదా భారం పడుతుంది. మడ్‌గార్డులు కోయాలి, ఎత్తు పెంచాలి, డిఫరెన్షియల్ లోపలి పళ్లచక్రాల నిష్పత్తి మార్చాలి. ఈ చివరి పనికి డబ్బెక్కువ, పనితనమూ ఎక్కువ కావాలి, అందుకే దాన్ని వదిలేస్తారు. వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ కూడా అదే పెద్ద సైజు వేసుకుంటే, తలుపు కీలు దగ్గర రేకు పగుళ్లివ్వడం కొన్ని నెలల్లో కనిపిస్తుంది.

పెద్ద టైరు ఎక్కడ సరైనదో ఐస్‌లాండ్ చూపించింది. అక్కడి హిమనదాల మీద లోతైన మెత్తటి మంచులో మామూలు టైరు కూరుకుపోతుంది. అందుకని ముప్పై ఎనిమిది, నలభై నాలుగు అంగుళాల టైర్లు వేసి, గాలి మూడు నాలుగు పీఎస్ఐ దాకా దించి, బండి మంచులో దిగబడకుండా పైపైన పోయేలా చేస్తారు. 1990లో టొయోటా డీలరు కింద మొదలైన ఆర్కిటిక్ ట్రక్స్ ఇలాంటి బండ్లతో ధ్రువ ప్రాంతాల దాకా పోయింది. ఆ బండ్ల కింద చూస్తే గేరు నిష్పత్తి మార్చి ఉంటుంది, మడ్‌గార్డులు వెడల్పు చేసి ఉంటాయి, సస్పెన్షన్ పూర్తిగా తిరగరాసి ఉంటుంది. టైరు అందులో ఒక భాగం. ఆ బండి ఫోటో చూసి ఇక్కడ టైరు ఒక్కటే తెచ్చుకోవడం వల్లనే చిక్కు.

తెలుగు నేలల్లో మంచు లేదు, ఉన్నదంతా నానారకాల మట్టి. హైదరాబాదు చుట్టూ గ్రానైటు గుట్టలు, ఆదిలాబాదు, గుంటూరు వైపు నల్లరేగడి, మన్యంలో వానకు జారే ఎర్రమట్టి, తీరమంతా ఇసుక. ఒక్క టైరు వీటన్నిటికీ సరిపోదు. తడిసిన నల్లరేగడి టైరు గాళ్లలో సిమెంటులా పట్టుకుంటుంది. నాలుగు చుట్లు తిరిగేసరికి దగ్గర దగ్గర గాళ్లున్న టైరు నున్నటి రోకలి అవుతుంది. అక్కడ ఎడం ఎక్కువున్న గాళ్లు, మట్టిని విసిరికొట్టే వేగం కావాలి. బురద పైపైనే ఉండి కింద గట్టి నేల ఉన్నచోట వెడల్పు టైరు తేలి జారుతుంది, సన్నటి టైరు కోసుకుంటూ దిగి గట్టిదనాన్ని అందుకుంటుంది. పాత జీపుకు సన్న టైర్లు పెట్టడం తెలియక చేసింది కాదు. వారానికి ఐదు రోజులు ఆఫీసుకు, నెలకొకసారి వికారాబాదు అనంతగిరి కొండలకు పోయే బండికి మడ్ టైరు వేస్తే, తడి తారు మీద బ్రేకు దూరం పెరుగుతుంది, హోరు పెరుగుతుంది, డీజిల్ ఖర్చు పెరుగుతుంది, టైరు ఆఫీసు దారిలోనే అరిగిపోతుంది.

చక్రాలు బయటికి పొడుచుకొచ్చేలా స్పేసర్లు వేయడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చక్రం బయటికి జరిగిన కొద్దీ బేరింగు మీద, బోల్టుల మీద పడే మెలి పెరుగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది, మడ్‌గార్డు దాటిన టైరు వెనకవాడి అద్దం మీదికి రాళ్లు విసురుతుంది. ఆస్ట్రేలియా తేలిక వాహనాల నియమావళి కంపెనీ ఇవ్వని స్పేసర్లను ఒప్పుకోదు.

బరువు

ముందు ఉక్కు బంపరు, దాని మీద వించి (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు), టాపు మీద ర్యాకు, ర్యాకు మీద గుడారం, పక్కన డబ్బాలు. ఒక్కొక్కటీ పనికొచ్చేదే. కూడికే ఎవరూ వేయరు. జిమ్నీ ఖాళీ బరువు 1210 కిలోలు, నిండుగా అనుమతించిన బరువు 1545 కిలోలు. మోయగలిగింది 335 కిలోలు. డెబ్బై కిలోల మనుషులు నలుగురు ఎక్కితే 280 పోయింది. మిగిలింది 55 కిలోలు. ఉక్కు బంపరు, ఇనుప తాడున్న వించి కలిపితేనే ఎనభై కిలోల దాకా అవుతాయి. నీళ్ల క్యాను ఎక్కించకముందే బండి పరిమితి దాటింది. ఆ ఎనభై కిలోలు కూడా ముందు చక్రాలకన్నా ముందుకు వేలాడుతున్నాయి కాబట్టి ముందు స్ప్రింగులు కుంగి, పెంచుకున్న ఎత్తులో కొంత పోతుంది. వించి పూర్తి బరువు లాగేటప్పుడు నాలుగు వందల ఆంపియర్ల దాకా కరెంటు తాగుతుంది. పాత బ్యాటరీ, సన్న వైరు ఉన్న బండిలో అది బురదలో సగం దూరం లాగి ఆగిపోతుంది.

గోవాలో 2014 నుంచి జరుగుతున్న రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ పోటీలో వించి లేని బండి అడుగు ముందుకు వేయలేదు. అక్కడ వానాకాలం, కొండచరియ, బురద గోతి. అది ఆ పోటీ అవసరం. కుటుంబంతో అరకు చూసి వచ్చే బండికి మంచి తాడు, రెండు షాకిల్స్ (తాడు తగిలించే ఉక్కు కొక్కేలు), తోడుగా మరో బండి చాలు.

రోడ్డు మీద కార్లకు విరివిగా కనిపించే ఉక్కు క్రాష్ గార్డులను కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో నిషేధించి, చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. కారు ముందు భాగం నలిగి దెబ్బను పీల్చుకునేలా తయారవుతుంది. నలగని ఉక్కు దాన్ని నేరుగా చాసిస్‌కు అందిస్తుంది. ఎయిర్‌బ్యాగు సెన్సారు లెక్క తప్పవచ్చు. ఎదురుగా ఉన్నది నడిచిపోయే మనిషి అయితే ఆ ఉక్కు తగిలేది తొడ ఎముకకో, పిల్లాడి తలకో. ఆస్ట్రేలియాలో బుల్ బార్ అంత మామూలు కావడానికి కారణం రాత్రి రోడ్డు మీదికి దూకే కంగారూలు. 1975లో మెల్‌బోర్న్‌లో మొదలైన ఏఆర్‌బీ లాంటి కంపెనీలు అక్కడ ఎయిర్‌బ్యాగుతో పొసగేలా బార్లు తయారుచేసి అమ్ముతున్నాయి. మన సందు చివర షెడ్డులో గొట్టాలు వంచి చేసే గార్డుకు ఆ పరీక్ష ఉండదు.

నీళ్లు, కరెంటు, గేర్లు

బానెట్ పక్కగా టాపు దాకా లేచే స్నార్కెల్ చూసి, ఇక బండి మునిగినా ఫరవాలేదనుకుంటారు. స్నార్కెల్ పని ఇంజనుకు గాలిని ఎత్తు నుంచి తెచ్చివ్వడం. ఆ దారిలో ఒక్క జాయింటు వదులుగా ఉన్నా నీళ్లు లోపలికి పోతాయి. నీళ్లు గాలిలా నలగవు కాబట్టి పిస్టన్ పైకి రాగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గాలి దారి భద్రంగా ఉన్నా డైనమో, సెన్సార్లు, కంప్యూటరు పెట్టె ఉన్నచోటే ఉన్నాయి. థార్‌కు కంపెనీ చెప్పిన నీటి లోతు 650 మి.మీ., స్నార్కెల్‌తోనే వచ్చే గూర్ఖాకు 700 మి.మీ. ప్రవాహం ఉన్న వాగులో అంత లోతు కూడా బండిని పక్కకు తోసేయగలదు.

అసలు ప్రమాదం ఎవరూ చూడని చోట ఉంది. గంటసేపు నడిచిన ఇరుసు లోపల నూనె, గాలి కాగి ఉంటాయి. బండి చల్లటి వాగులోకి దిగగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటినుంచి పీల్చుకోవాలని చూస్తుంది. ఇరుసు మీది చిన్న గాలిరంధ్రం నీటిలో ఉంటే అది నీటినే పీలుస్తుంది, మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీలు అంచు గుండా నీళ్లు లోపలికి వస్తాయి. వారం తర్వాత డ్రెయిన్ బోల్టు విప్పితే నూనె పాలు కలిపిన టీ రంగులో కారుతుంది. అప్పటికి బేరింగుల మీద తుప్పు చుక్కలు పడి ఉంటాయి. గాలిరంధ్రానికి ఒక రబ్బరు ట్యూబు తగిలించి బానెట్ కింద ఎత్తుగా కట్టేస్తే ఇది జరగదు. స్నార్కెల్ ఖర్చుతో పోలిస్తే ఆ ట్యూబు ఖర్చు లెక్కలోకే రాదు. అయినా స్నార్కెల్ ఉండి ఈ ట్యూబు లేని బండ్లు కనిపిస్తూనే ఉంటాయి.

లైట్ల విషయం క్లుప్తంగా. టాపు మీద ఎల్ఈడీ బార్ వెలుగు ముందుగా బానెట్ మీద పడి డ్రైవరు కళ్లలోకే వస్తుంది. లంబసింగి పొగమంచులోనూ, ఎండాకాలం దుమ్ములోనూ తెల్లటి గోడలా తిరిగి కొడుతుంది. పొగమంచులో పనికొచ్చేది కిందగా బిగించిన లైటు. ఇక 60 వాట్ల బల్బుకు పెట్టిన వైరు మీద 100 వాట్ల బల్బు వేస్తే ఐదు ఆంపియర్ల చోట ఎనిమిది పైన పారుతుంది. రిలే, ఫ్యూజు లేకుండా లాగితే హోల్డరు కరుగుతుంది, వైరు తొడుగు కాలుతుంది.

డిఫరెన్షియల్ లోపలి పళ్లచక్రాలను వెల్డింగుతో అతికించేయడం పాత జీపుల్లో కనిపించే మరో చౌక పని. ఒక చక్రం గాలిలో తేలినా రెండోది లాగుతుంది, ఆ ఒక్క క్షణానికి గొప్పగా ఉంటుంది. డిఫరెన్షియల్ ఉన్నదే మలుపులో లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరగడానికి. అతికించాక తారు మీద ప్రతి మలుపులోనూ టైరు కీచుమంటూ ఈడ్చుకుపోతుంది, ఇరుసు షాఫ్టు మెలి తిరుగుతూ ఒకనాడు విరుగుతుంది. తడి ఘాట్ రోడ్డు మీద వెనక భాగం చెప్పకుండా పక్కకు జారుతుంది. గూర్ఖాలో ఉన్నట్టు, డ్రైవరు కావాలనుకున్నప్పుడు వేసి, దాటాక తీసేసే లాక్ దీనికి సరైన దారి.

చట్టం దాకా వచ్చినవి

అమెరికాలో ఒక మార్పు ఏకంగా చట్టాలనే తెచ్చింది. పికప్ ట్రక్కు ముందు భాగాన్ని బాగా ఎత్తి, వెనక భాగాన్ని కుంగదీసే పద్ధతి అది, కరోలైనా స్క్వాట్ అంటారు. ఎడారి పందేల్లో ఎగిరి దూకే ట్రక్కుల పోకడ నుంచి పుట్టిందంటారు. ఆ ట్రక్కులకు దూకినప్పుడు వెనక ముందుగా దిగడం అవసరం. ఊళ్లో తిరిగే ట్రక్కుకు అదే పోకడ వస్తే డ్రైవరుకు బానెట్ తప్ప ముందున్న రోడ్డు కనిపించదు. అడ్డం వచ్చే పిల్లవాడు అసలే కనిపించడు. హెడ్‌లైట్లు ఆకాశం వైపు, ఎదుటివాడి కళ్లలోకి చూస్తాయి. తెలుగు కుటుంబాలు చాలా ఉన్న షార్లెట్, రాలీ నగరాల రాష్ట్రం నార్త్ కరోలైనా 2021 డిసెంబరు 1 నుంచి, ముందు మడ్‌గార్డు వెనకదానికన్నా నాలుగంగుళాలు లేదా ఆపైన ఎత్తు ఉండకూడదని చట్టం అమలు చేసింది. తర్వాత వర్జీనియా, సౌత్ కరోలైనా అదే దారి పట్టాయి.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన కేసులో ఇదే మాటను గట్టిపరిచింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించే వీలు వచ్చింది. చెప్పకుండా మార్చిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీకి క్లెయిము కాదనడానికి ఆధారం దొరుకుతుంది. గిరాకీకి ఈ సంగతి చెప్పడం లిఫ్ట్ కిట్ అమ్మేవాడి బాధ్యతే. చాలాచోట్ల అది జరగడం లేదు, ఇది బాధ కలిగించే విషయం.

ముందుగా చేయవలసినవి

ఇరుక్కున్న బండిని లాగడానికి కట్టే చోటు గురించి ఎవరూ గొప్పగా చెప్పుకోరు, ఫోటోలో కనిపించదు. అయినా ప్రాణం పోయేది అక్కడే. వెనక ట్రైలరు తగిలించే గుండుకు సాగే పట్టీ వేసి ఎదుటి బండి ఊపుతో లాగితే, ఆ గుండు విరిగి తూటాలా దూసుకొస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలా అద్దం పగలగొట్టుకుని వచ్చిన గుండు తగిలి మనుషులు చనిపోయారు. ఓడలో, లారీలో బండిని కట్టేయడానికి కంపెనీ ఇచ్చే సన్నటి కొక్కేలూ ఈ పనికి రావు. చాసిస్‌కు బోల్టులతో బిగించిన, ఎంత బరువు తట్టుకుంటుందో ముద్ర వేసి ఉన్న కొక్కెం ముందొకటి, వెనకొకటి ఉండాలి. దాని తర్వాత అడుగు పలకలు, అంటే ఇంజను చాంబరునూ ట్యాంకునూ రాళ్ల నుంచి కాపాడేవి. ఆ తర్వాత మంచి టైర్లు, కంపెనీ కొలతకు ఒక్క మెట్టు దాటకుండా.

అన్నిటికన్నా చౌకైన సాధనాలు ఒక గాలి కొలిచే గేజి, ఒక చిన్న పంపు. టైరులో గాలి తగ్గిస్తే అది నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, అదే బరువు ఎక్కువ జాగా మీద పడుతుంది, ఇసుకలో బండి దిగబడదు. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువాళ్లు దుబాయ్‌లోనో ఒమన్‌లోనో ఇసుకదిబ్బలు చూడటానికి పోయినప్పుడు ఇది కళ్లారా చూస్తారు. తారురోడ్డు అయిపోయే చోట ల్యాండ్ క్రూజర్లు వరసగా ఆగుతాయి. డ్రైవర్లు దిగి, చక్రం పక్కన గొంతుకూర్చుని, వాల్వు మూత విప్పి, సన్నటి పుల్లతో నొక్కుతారు. బుస్సుమంటూ గాలి పోతుంది. ముప్పై పైన ఉన్న పీఎస్ఐ పదిహేనుకు దిగేదాకా గేజి పెట్టి చూసి, మూత బిగించి రెండో చక్రానికి పోతారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో అదే చోట మళ్లీ ఆగి, బానెట్ ఎత్తి, బ్యాటరీకి పంపు తగిలించి, నాలుగు టైర్లకూ గాలి నింపుకున్నాకే రోడ్డు ఎక్కుతారు.